మా నాయనమ్మ తోమిన రూపాయి

మా చిన్నప్పుడు... దీపావళి నాడు ఇంట్లో మనుషుల కంటే ముందు సిక్కలకు స్నానం అయ్యేది.

హత్నూర దగ్గర మా ఊళ్లో నాయనమ్మ పెద్ద సందూక తెరిచి, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలం వెండి రూపాయి సిక్కలు బయటికి తీసేది. కుంకుడు రసంలో నానబెట్టి, జల్లించిన పొయ్యి బూడిదతో బొటనవేలు పెట్టి తోమేది. పక్కన మా మేనత్త, ఆ పక్కన నేను...

"జెర మంచిగ తోము బిడ్డా. లచ్చిమి తల్లికి మురికి పైసలు పెడ్తమా?" అనేది నాయనమ్మ.

తోమిన సిక్క ఎండలో పెడితే తళతళ మెరిసేది. అంతకు మించిన భక్తి మాకు తెలియదు.

నాయనమ్మ పోయాక ఒక రూపాయి అత్త వాటాకు వచ్చింది. ఏటా అట్లాగే తోమి పూజలో పెట్టుకునేది. మొన్న వానలకు అత్త ఇల్లు కురిసింది. రేకులు మార్చాలి. పాత నాణేలకు లక్షలు వస్తాయని ఫోన్‌లో ఎవడో చెప్పిన వీడియో చూసి, నాకు ఒక్క మాట చెప్పకుండా సంగారెడ్డిలో పాత నాణేలు కొనే దుకాణానికి వెళ్లింది.

దుకాణం వాడు భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచాడట. "ఎవరమ్మా దీన్ని తోమింది? ఖరాబు చేసిన్రు. దీనికి గ్రేడే రాదు. వెండి తూకానికి ఇస్త, ఇష్టముంటే ఇయ్యి."

ఇచ్చేసింది. వచ్చిన డబ్బులు రేకులకు చాలలేదు, అది వేరే సంగతి. పటేల్‌గూడలో మా ఇంటికి వచ్చి కూర్చుని ఏడ్చింది. "మా అమ్మనే ఖరాబు చేసిందంట బిడ్డా... తెల్వక తోమి తోమి పాడు చేసిందంట..."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కోపంలోనే కూర్చుని ఈ గ్రేడ్ల సంగతి చదివాను. టంకసాల నుంచి వచ్చింది వచ్చినట్టు, ఎక్కడా అరగకుండా ఉంటే 'అన్‌సర్క్యులేటెడ్'. కొద్దిగా అరిగితే 'వెరీ ఫైన్'. వట్టి 'ఫైన్' అంటే బాగుందని కాదు, బాగానే అరిగిందని. తోమితే పై పొర అరిగి సన్న గీతలు పడతాయి కాబట్టి, తోమిన నాణెం ఎంత మెరిసినా విలువ పడిపోతుంది. వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. సరే అనుకున్నాను.

ఆదివారం నాణెం వెనక్కి కొందామని ఆ దుకాణానికి వెళ్లాను. గాజు పెట్టెలో, ప్లాస్టిక్ కవర్లో మా రూపాయి కనిపించింది. అంచు మీద ఎప్పుడో కంసాలి ఆకురాయితో గీసిన గాటు ఉంది, గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాను? కవర్ మీద చీటీ... 'అన్‌సర్క్యులేటెడ్' అని. ధర అత్తకు ఇచ్చినదానికి ఎన్నో రెట్లు.

నేను గడ్డపోతారంలో మందుల కంపెనీలో క్వాలిటీ పని చేస్తాను. మా దగ్గర చీటీ తప్పు పడితే సరుకంతా ఆపేస్తారు.

"ఇది తోమిన సిక్క కదా? అంచుకు గాటు కూడా ఉన్నది. అన్‌సర్క్యులేటెడ్ ఎట్లయితది?" అన్నాను.

వాడు తొణకలేదు. "మెరుస్తున్నది కదా మేడం. కొనేటోళ్లు మెరుపే చూస్తరు."

"మా అత్తకు ఖరాబయిందన్నరు కదా?"

"గా మాట కొనేటప్పటిది. దందాల గిట్లనే ఉంటది." చీటీ పీకి పక్కన పడేశాడు. "మీరని జెర తగ్గిస్త, తీస్కపొండి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. అదే మెరుపు, అమ్మడానికి పోయిన ముసలామెకు తప్పు, కొనడానికి వచ్చినవాడికి గొప్ప. నోటికొచ్చినట్టు తిట్టాను. బయట జనం ఆగి చూశారు. అయినా డబ్బు కట్టే తెచ్చుకున్నాను, ఇంకేం చేస్తాను? ఆ డబ్బు పోయినందుకు కాదు నా బాధ.

దీపావళికి ఆ రూపాయి అత్త చేతిలో పెట్టాను. కుంకుడుకాయలు కూడా నేనే నానబెట్టాను. అత్త కవర్ విప్పలేదు. అట్లాగే పీట మీద పెట్టి దూరంగా జరిగింది.

"తోమవా అత్తా?"

"వద్దు బిడ్డా. మా అమ్మ చేసిన తప్పు నేను సుత చెయ్యాల్నా?"

తప్పు కాదత్తా, ఇది మనది, ఎవరికీ అమ్మేది కాదు అని ఎంత చెప్పినా వినలేదు. చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. నాణెం అయితే తేగలిగాను... వాడు అన్న ఆ మాటను మాత్రం ఆమె మనసులోంచి తీయలేకపోయాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమగా చేసిన పనిని ఎవరైనా ఇట్లా తప్పని తేల్చారా? మీరేం చేశారో రాయండి... నాకైతే కోపం ఇంకా చల్లారలేదు.