యూసుఫ్ సాబ్ బాగానే ఉన్నానన్నారు

2023 వర్షాకాలం. హైదరాబాద్ పద్మారావు నగర్‌లో ఒక మిఠాయి దుకాణం పైన, రెండో అంతస్తులో మా శిక్షణ కేంద్రం. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రాలకు కేర్‌గివర్లుగా వెళ్లాలనుకునే నర్సులకు నేను జపనీస్ నేర్పుతాను. నేను చదివింది బీకాం. దానికీ దీనికీ ఏమిటి సంబంధం అని చాలామంది అడిగారు. బీకాంకి దేనితో సంబంధం ఉందో వాళ్లు చెప్తే నేనూ చెప్తాను.

మేం నేర్పేది కథల పుస్తకాలు చదువుకునే భాష కాదు. ముసలివాళ్లను లేపేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు మర్యాదగా అనాల్సిన మాటలు. దీన్ని అక్కడ కోఎకాకే అంటారు. అంటే మనిషి మీద చెయ్యి వేసే ముందు ఓ మాట వెయ్యడం. గదిలోకి వెళ్తూ 'షిత్సురేయ్ షిమాసు', లోపలికి వస్తున్నాను, ఏమనుకోకండి అని. లేపే ముందు 'ఒకోషిమాసు నే', లేపుతున్నానండీ అని. ప్రతి పని తర్వాత 'దైజోబు దెసు కా', బాగానే ఉన్నారా అని. మన నర్సింగ్ హోముల్లో పనిచేసి వచ్చిన అమ్మాయిలకు ఇది మొదట్లో వింతగా ఉంటుంది.

"గిన్నిసార్లు అడిగితే పేషంట్‌కే డౌటొస్తది సార్, నాకేమైందో అని," అంది సుజాత మొదటి వారంలోనే.

సుజాత యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నర్సుగా నాలుగేళ్ల అనుభవం. చేతులు ఎంత నమ్మకంగా పనిచేసేవో నోరు అంతగా మొరాయించేది. 'దయచేసి' అనాల్సిన చోట మౌనంగా పని పూర్తి చేసేసి పక్కన నిలబడేది. ఆ కారణంగానే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడోది కూడా పోతే జపాన్ పంపించే ఏజెన్సీ వాళ్లు జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఇంట్లో ఇది తెలిసినవాళ్లు లేరు. మా క్లాసులో తెలియనివాళ్లు లేరు.

రోల్‌ప్లేకి, అంటే నిజం పేషంట్ ఉన్నట్టు చేసే సాధనకి, మాకొక పేషంట్ ఉండేవారు. మెట్టుగూడ టైలర్ యూసుఫ్ సాబ్. మా అమ్మాయిల యూనిఫాంలు ఆయనే కుట్టారు. డెబ్బై దాటాయి. ఒకరోజు బట్టలు ఇవ్వడానికి వచ్చి, అలసిపోయి మా సాధన మంచం మీద కాసేపు నడుం వాల్చారు. ఎవరో అమ్మాయి ఆయన్నే లేపి వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి మార్కులు కొట్టేసింది. ఆ రోజు నుంచి ఆయన మా శాశ్వత రోగి. ఉద్యోగాన్ని చాలా శ్రద్ధగా చేసేవారు.

"ఇయ్యాల ఏం బీమారి సార్?"

"ఎడమ వైపు పక్షవాతం, యూసుఫ్ సాబ్."

"నిన్న సుత ఎడమనే గద. జెర కుడికి మార్చుండ్రి. ఎడమ చెయ్యి ఊకె పండి పండి మొద్దువారింది."

అమ్మాయిలు ఆయన్ని చాచా అనేవాళ్లు. జపాన్‌లో ముసలివాళ్లను తాతా, అవ్వా అని పిలిస్తే చిన్నబుచ్చినట్టు, పేరు పెట్టి పక్కన 'సాన్' చేర్చాలి. అందుకని క్లాసులో యూసుఫ్ సాన్ అనిపించేవాణ్ణి. ఆయనకది అస్సలు నచ్చలేదు. "చాచా అంటె పానం నిమ్మలమైతది సార్. గీ సాన్ ఏందీ, ఇన్‌కం టాక్స్ ఆఫీసుల పిలిచినట్టు."

ఆయనకు నేను రెండు మాటలు నేర్పాను. ఏదైనా చేయనా అంటే 'ఒనెగాయ్ షిమాసు', చెయ్యండి అని. ఎలా ఉన్నారంటే 'దైజోబు దెసు', బాగానే ఉన్నాను అని. అక్కడి పెద్దవాళ్లు ఇంకొకరికి ఇబ్బంది ఎందుకని నొప్పున్నా బయటికి చెప్పరు, కాబట్టి మీరు కూడా ఏం జరిగినా అదే అనాలి అన్నాను.

"నొప్పున్నా గదే అన్నాల్నా?"

"అదే."

"గట్లయితె మా ఇంట్ల లెక్కనే," అన్నారు. జపాన్ గురించి ఆయనకు కలిగిన ఆసక్తి మొత్తం అదే.

ఇంటర్వ్యూ రోజు లిఫ్ట్ పనిచేయలేదు. యూసుఫ్ సాబ్ మెట్లెక్కి వచ్చి, తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఏమైందని అడిగాను. "గ్యాస్ సార్. పొద్దుగాల మిర్చి తిన్న," అన్నారు. హైదరాబాద్‌లో ఏ రోగమైనా మొదట గ్యాస్‌గానే పుడుతుంది. నేను నమ్మాను.

లాప్‌టాప్ తెరమీద జపాన్‌లోని ఒక సంరక్షణ కేంద్రం డైరెక్టరమ్మ. యాభై దాటి ఉంటాయి. చిరునవ్వుకీ మార్కులకీ సంబంధం లేని రకం. చెయ్యాల్సింది ట్రాన్స్‌ఫర్: ఒకవైపు చచ్చుబడిన మనిషిని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చడం. ప్రతి అడుగూ ముందు మాటతో చెప్పి చెయ్యాలి.

సుజాత బాగా మొదలుపెట్టింది. వంగి నమస్కరించింది. పేరు చెప్పుకుంది. దుప్పటి తీసే ముందు అడిగింది. రెండుసార్లు పోగొట్టిన నోరు ఆ రోజు బుద్ధిగా మాట విన్నది. కెమెరా పక్కన నిలబడిన నాకు గర్వంగా ఉంది.

ఇంకా గర్వకారణం యూసుఫ్ సాబ్. అంతకుముందెప్పుడూ ఆయన అంత బాగా చేయలేదు. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట. ఊపిరి చిన్నచిన్నగా తీస్తున్నారు. దవడ బిగించారు. ఇంత నటన ఈయనలో ఎక్కడ దాక్కుందా అనుకున్నాను. డైరెక్టరమ్మ కూడా ముందుకు వంగి, మెచ్చుకోలుగా తలాడించింది.

"సావత్తె మో యొరొషీ దెసు కా," అంది సుజాత. ముట్టుకోవచ్చా అని.

"ఒనెగాయ్ షిమాసు."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. తర్వాతి మాట 'లేపుతున్నానండీ'. అది రాలేదు. మళ్లీ నోరు మొరాయించిందనుకున్నాను.

"దైజోబు దెసు కా?"

"దైజోబు దెసు," అన్నారు యూసుఫ్ సాబ్, మా క్లాసులో ఎవరూ పలకనంత శుభ్రంగా.

"దోకో గా ఇతాయ్ దెసు కా?" ఎక్కడ నొప్పి అని. దీనికి జవాబు నేను ఆయనకు నేర్పలేదు. ఆయన నా వైపు చూశారు. నేను కెమెరాకి కనపడకుండా, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాను.

సుజాత మోకాళ్ల మీద కూర్చుంది. జపనీస్ వదిలేసింది.

"చాచా, యాక్టింగ్ బంద్ వెట్టు. ఏడ నొస్తుంది?"

"ఏం లేదు బిడ్డా."

"చెయ్యి సల్లగ మంచు లెక్కున్నది. ఏడ నొస్తుంది చెప్పు."

ఆయన తెరవైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి, "ఛాతీ మీద ఎవలో కూసున్నట్టున్నది. జెర ఆగుతా తియ్. నీది కానియ్. మూడోసారి గద, కరాబైతది," అన్నారు.

నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. అంటే చేతిలోని పేపర్లు కిందపడ్డాయి. నేను మెచ్చుకుంటున్నది ఒక మనిషి చావును. మంచానికి మూడడుగుల దూరంలో నిలబడి, ఇంకా బాగా చెయ్యమని సైగలు చేస్తున్నాను.

"సార్, 108కి ఫోన్ కొట్టుండ్రి. గుండెపోటు అని చెప్పుండ్రి," అంది సుజాత. తలగడలు ఎత్తుపెట్టి ఆయన్ని ఒరిగించింది, కాలర్ గుండీ విప్పింది. అల్సర్ గిట్ల ఉందా, ఏ మందన్నా పడదా అని అడిగి, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి ఆస్పిరిన్ తీసి నమలమంది. ఒక్క అడుగు కూడా నడవద్దంది. లిఫ్ట్ లేదు కాబట్టి, అంబులెన్స్ కింద ఆగగానే ఆయన్ని వీల్‌చెయిర్‌లోకి మార్చి, క్లాసులోని నలుగురు అమ్మాయిలు వచ్చి కుర్చీతో సహా మెట్లు దించారు. ఆ కంగారులో కూడా ఆమె ప్రతిదీ చెప్పే చేసింది. "చాచా, వీపు కింద చెయ్యి వెడుతున్న. చాచా, ఇప్పుడు లేపుతున్న. చాచా, మెట్లొచ్చినయ్, బుగులు పడకు." నేను వాళ్లకు ఆరు నెలలుగా నేర్పుతున్నది ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

గదిలో నేనూ, లాప్‌టాపూ మిగిలాం. "సుబరషీ," అంటోంది డైరెక్టరమ్మ. అద్భుతం అని. అత్యవసర పరిస్థితిని కూడా పరీక్షలో చేర్చినందుకు నన్ను అభినందిస్తోంది. ఏడేళ్లుగా జపనీస్ నేర్పుతున్న నాకు క్షమాపణలు చెప్పడానికే నాలుగైదు స్థాయిలు వచ్చు. ఆ క్షణంలో ఒక్కటీ రాలేదు.

"హొంతో దెసు," అన్నాను. నిజమండీ అని.

ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. తర్వాత ఒకటే మాట అంది. "వెళ్లండి."

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. గుండె రక్తనాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయిందన్నారు. ఆ మధ్యాహ్నమే స్టెంట్ వేశారు, అంటే మూసుకున్న చోట తెరిచి ఉంచే చిన్న గొట్టం. నొప్పి ఎప్పటి నుంచి అని డాక్టర్ అడిగితే యూసుఫ్ సాబ్ పొద్దున్నుంచి అన్నారు. ఆయన భార్య రజియా బేగం నిన్న సాయంత్రం నుంచి అన్నది. "ఛాతీ రుద్దుకుంటుండె. ఏమైంది జీ అంటె ఏం లేదన్నడు. అన్నం సుత మంచిగనే తిన్నడు, నేను పరేషానైతనని."

మరునాడు సుజాతా నేనూ వార్డుకి వెళ్లాం. ఛాతీ నిండా వైర్లు, ముక్కులో ఆక్సిజన్ గొట్టం. "ఎలా ఉంది యూసుఫ్ సాబ్?" అన్నాను.

"ఫస్ట్ క్లాస్ సార్," అన్నారు.

ముందురోజు జరిగినదానికంటే ఈ జవాబుకే నాకు ఎక్కువ దడ పుట్టింది. అంటే ఆయన ఎన్నడూ నటించలేదు. నా పాఠం ఆయనకు అవసరమే లేదు.

ఎలా ఉందని సుజాత అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, అడిగి చెయ్యి పట్టుకుంది. "చాచా, రాత్రి నిద్ర వట్టనప్పుడు ఏం ఆలోచన చేసినవ్?"

దీనికి బాగానే ఉన్నాననే జవాబు సరిపోదు. అది ఆయనకూ తెలిసినట్టుంది.

"బుగులైంది బిడ్డా. కండ్లు మూస్తె మల్ల తెరుస్తనో లేదో అని. తెల్లారేదాక గట్లనే చూసుకుంట పన్న."

రజియా బేగం సంచిలోంచి పండ్లు తీస్తున్నదల్లా ఆగిపోయింది. "గీ మాట ఈయన నోట్ల నేనెన్నడు వినలే," అన్నది. నాతో అనలేదు, సుజాతతో అనలేదు. తర్వాత వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

డైరెక్టరమ్మ తర్వాతి వారం సుజాతను మళ్లీ పిలిపించింది. ఈసారి మంచం లేదు, పేషంట్ లేరు. ఒకటే ప్రశ్న. ఆయన బాగానే ఉన్నానన్నారు కదా, ఎందుకు నమ్మలేదు? సుజాత తనకున్న కొద్ది జపనీస్‌లో చెప్పింది. "నోరు బాగుందని చెప్పింది. చెయ్యి చెప్పలేదు." ఇప్పుడామె అక్కడే పనిచేస్తోంది. పని ఎలా ఉందని నేను అడగను. ఈ వారం దేనికి ఏడుపొచ్చింది అని అడుగుతాను. చాలా పొడుగు జవాబులు వస్తాయి.

ఈ సంఘటన నేర్పిన పాఠం పెద్దదేమీ కాదు. మర్యాదగా అడగడం ఒక వారంలో వస్తుంది. ఆ మర్యాదకి అవతలివాళ్లు తిరిగిచ్చే మర్యాదే ప్రమాదం. మన సుఖం కోసం వాళ్లు చెప్పే జవాబు అది. అందుకే ఇప్పుడు నా క్లాసులో 'దైజోబు దెసు కా' ఆఖరి ప్రశ్న కాదు, మొదటిది. దానికి జవాబు ఏమొస్తుందో ముందే బోర్డు మీద రాసేస్తాను. తర్వాత ఏం అడగాలన్న దగ్గర పాఠం మొదలవుతుంది.

యూసుఫ్ సాబ్ కోలుకున్నారు. మళ్లీ వస్తానన్నారు గానీ బేగం సాబ్ ఒప్పుకోలేదు, నాకూ ధైర్యం లేదు. ఆ మంచం మీద ఇప్పుడొక ప్లాస్టిక్ బొమ్మను పడుకోబెట్టాం. ఏమడిగినా పలకదు. కనీసం బాగానే ఉన్నానని మాత్రం చెప్పదు.