బగ్గీ రోడ్డు, పదకొండో చెట్టు

నిన్న పొద్దున బగ్గీ రోడ్డులో నడుస్తుంటే చెట్లకున్న పాత రేకు పలకలు పీకేసి కొత్తవి బిగిస్తున్నారు. కొత్త పలక మీద చెట్టు పేరు లేదు. నల్లటి చుక్కలూ గళ్ళూ నింపిన చదరం ఒకటుంది. దానికి ఫోను చూపిస్తే చెట్టు పేరు, వయసు, కులగోత్రాలు అన్నీ ఫోనులోకి వస్తాయట. పాతవి ఏం చేస్తావయ్యా అని ఆ బిగించే అతన్ని అడిగాను. "తుక్కుల ఏస్తరు మేడం. మీకు గావాల్నా ఒకటి?" అన్నాడు. కావాలన్నాను. పదకొండో చెట్టుదే కావాలని కూడా అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, చీర కొంగుకు తుప్పు అంటకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. దాన్ని చూస్తుంటే ఎప్పటిదో కుళ్ళు మళ్ళీ గుర్తొస్తోంది.

మన్సూరాబాదులో మా కాలనీ వెనకగా పోయే ఈ దారి నవాబుల నాటిదంటారు. వేటకు బగ్గీల్లో ఇటే వెళ్ళేవారట, దొరల ముఖాన ఎండ పడకుండా రెండు వైపులా చెట్లు నాటించారట. ఎంత నిజమో నాకు తెలీదు. మా కాలనీలో పాతకాలం గురించి ఎవరేం చెప్పినా చివరికి అందులో ఒక నవాబు వస్తాడు. బగ్గీలు పోయాయి, వేట పోయింది. దారి పక్కన మిగిలిన జాగాలను పార్కులు చేసి, నాలుగు పార్కులనూ ఈ దారితోనే దండ గుచ్చినట్టు కలిపారు. బళ్ళను రానివ్వరు. ఎల్.బి. నగర్ చౌరస్తా మోతలోంచి వచ్చినవాళ్ళకు ఇక్కడ కాసేపు చెవులు దిబ్బళ్ళు పడ్డట్టు ఉంటుంది. చెట్టు చెట్టుకూ ఆకుపచ్చ రేకు, దాని మీద తెల్లటి అక్షరాలతో తెలుగులో పేరు ఉండేవి. వేప, చింత, నేరేడు, అలా.

మామగారు పోయాక అత్తయ్య తెనాలి నుంచి మా ఇంటికి వచ్చేశారు. నేనప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బళ్ళో తెలుగు టీచర్ని. పొద్దున్నే బస్సులో వేలాడుతూ పోయి, సాయంత్రం వేలాడుతూ వచ్చేదాన్ని. అత్తయ్యంటే నాకు కొంచెం గర్వం. నేను బయల్దేరే వేళకు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, వరండాలో పేపరు విప్పుకుని కూర్చునేవారు. విశేషాలేమిటి అత్తయ్యా అంటే, "ఏముంటాయమ్మా, అన్నీ అబద్ధాలే" అనేవారు. మా అత్తయ్య పేపర్లో ఒక్క అక్షరం వదలరని స్టాఫ్ రూములో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మోకాళ్ళకు నడక మంచిదని డాక్టరు చెప్పాక అత్తయ్యకు బగ్గీ రోడ్డు అలవాటైంది. తోడు ఎదురింటావిడ. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, మలక్‌పేటలో దవాఖానలో ఆయాగా చేసి మానేసిన మనిషి. నెల తిరక్కుండా అత్తయ్య ఆవిడ మనిషి అయిపోయారు. ఆరింటికల్లా గేటు దగ్గర "పెద్దమ్మా, ఒస్తున్నవా?" అనే కేక, వెంటనే అత్తయ్య చెప్పుల చప్పుడు. తిరిగొచ్చేటప్పటికి ముఖం తోమిన ఇత్తడి చెంబులా ఉండేది. ఏం మాట్లాడుకున్నారు అత్తయ్యా అంటే, "ఏముందమ్మా, చెట్ల గురించి" అనేవారు. చెట్ల గురించి రోజూ గంటన్నర ఎవరు మాట్లాడతారు? నా మీద చాడీలే అనుకున్నాను. ఆదివారం ఎదురింటావిడకు చర్చి కాబట్టి నేను వస్తానంటే, "నువ్వు పడుకో తల్లీ, వారమంతా ఆ బస్సులతో చస్తావు" అని అత్తయ్య నడకకే సెలవిచ్చేసేవారు. గోంగూర పచ్చడి కొత్త జాడీ తీస్తే మొదటి గిన్నె ఎదురింటికి. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత నాకు ఎముకల దాకా అర్థమైంది. నేను నిజంగానే కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఆవిడ "బాగున్నవా టీచరమ్మా" అంటే వినపడనట్టు తాళం వెతుక్కునేదాన్ని. "ఆవిడతో నాలుగడుగులు వేస్తే నీకేం పోయిందే?" అన్నారు మా ఆయన. ఏం పోయిందో చెప్పడం చాతకాక ఆయన మీదే అరిచాను.

ఒకసారి ఎదురింటావిడ మేనకోడలి పెళ్ళికి ఊరెళ్ళింది. నాకు బడి సెలవు. దేవుడు నా మొర విన్నాడనుకుని, వద్దు వద్దంటున్నా వినకుండా అత్తయ్య వెంట బయల్దేరాను. దారంతా కబుర్లు చెప్పాలని ముందు రాత్రే నాలుగు సిద్ధం చేసుకున్నాను కూడా. ఆవిడ ఒక్కటీ విన్లేదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగడం, పెదవులు కదపడం, మళ్ళీ నడవడం. ఆయాసమా అంటే అవునన్నారు. పదకొండో చెట్టు దగ్గర ఆగినవారు ఎంతకీ కదల్లేదు. రేకు మీద వేలు పెట్టి నిలబడ్డారు. ఎండెక్కుతోంది. నాకు తొందర. "అది నిద్రగన్నేరు అత్తయ్యా. పదండి" అన్నాను. ఆవిడ వేలు తీసేశారు. నా ముఖం వంక చూడలేదు. వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టారు. మర్నాడు నడకకూ వెళ్ళలేదు.

ఎదురింటావిడ ఊర్నుంచి వచ్చి నేరుగా నా వంటింట్లోకే వచ్చింది.

"టీచరమ్మా, ఏమన్నవ్ పెద్దమ్మను? నడకకు రానంటున్నది."

"నేనేమన్నాను? నిద్రగన్నేరు అన్నాను, అంతే."

ఆవిడ తల పట్టుకుంది. "అయ్యో, నువ్వే సదివినవా! గా చెట్టుకాడ వారం సంది తిప్పలు పడుతున్నది. ఒత్తులు కుదురుతలేవు. పెండ్లి నుంచి నేనొచ్చెటాల్లకు సొంతంగ సదివి సూపిస్త అన్నది."

గరిటె పక్కన పెట్టాను. పేపరూ, కళ్ళజోడూ, అన్నీ అబద్ధాలే అన్న మాటా వరసగా గుర్తొచ్చాయి. మామగారు నేర్పిన సంతకం ఒక్కటే ఆవిడకు వచ్చిన రాత అట. వేప నుంచి మొదలుపెట్టి పది చెట్లు చదివేశారట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఊరి పిల్లలందరికీ గుణింతాలు దిద్దించి, ఇంట్లో మనిషికి అక్షరాలు రావని కూడా కనిపెట్టలేకపోయాను.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు టీచరమ్మవు గద. నీ ముంగట తప్పు సదువుతె సిగ్గట."

"మరి నీ ముందు?"

"నేను గూడ తప్పులే సదువుత గద," అంది ఆవిడ. తను కూడా పెద్దయ్యాక చర్చిలో నేర్చుకుందట.

ఆ మాటతో అసూయ పోవాలి కదా. రెట్టింపైంది. అంతకు ముందు చాడీలని కుళ్ళుకున్నాను, ఇప్పుడు నాకు రావలసిన శిష్యురాలు ఆవిడకు దక్కిందని. అయినా చేతులు పట్టుకుని, ఎలాగైనా తీసుకెళ్ళమని బతిమాలాను. నాకు తెలిసినట్టు అత్తయ్యకు చెప్పొద్దన్నాను. ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. రెండు రోజులకు మళ్ళీ చెప్పుల చప్పుడు మొదలైంది.

చాలా నెలల తర్వాత ఒక పొద్దున అత్తయ్య పేపరు పట్టుకుని వంటింటి గడపలో నిలబడి, ఒక శీర్షిక పైకి చదవడం మొదలుపెట్టారు. మధ్యలో ఒక ఒత్తు దగ్గర ఆగిపోయారు. ఆ మాట నా నాలుక చివర ఉంది. ఎదురుగా పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పొంగి, పొయ్యంతా కారి, మాడు వాసన వచ్చేదాకా నేను కదల్లేదు. ఆవిడ కూడబలుక్కుని పూర్తి చేసి, తలెత్తి, "అబద్ధమే అయ్యుంటుందిలే" అన్నారు. నా టీచరు ఉద్యోగం మొత్తంలో నోరు మూసుకుని చెప్పిన పాఠం అదొక్కటే.

నిద్రగన్నేరు మాత్రం ఏ రోజు చదివారో నేను చూడలేదు. చూసింది ఎదురింటావిడ. ఇప్పుడు అత్తయ్య లేరు. ఆవిడా నేనూ కలిసే నడుస్తాం. ఆ రోజు ఎలా చదివారో చెప్పమని ఎన్నిసార్లు అడిగానో. "ఎన్నిసార్ల జెప్పాలె టీచరమ్మా, సదివి చెట్టుకు దండం పెట్టింది," అంటుంది, ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళలో అత్తయ్యతో ఆ దారిలో నాకు దక్కింది ఒక్క పొద్దు. దాన్ని కూడా నేనే తొందరపడి చదివేశాను.