టోబీ నోరు విప్పిన రోజు

కెల్డన్ యూనివర్సిటీకి తొలి రాళ్లు మోసిన కంచరగాడిద కొండెక్కనని మొండికేస్తే, అది ఆగిన చోటే బడి కట్టేశారట. దాని పేరు టోబీ. అప్పటినుంచీ, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆ అమెరికా ఫుట్‌బాల్ మైదానంలో ఎవరో ఒకరు ఆ గాడిద వేషం కట్టి గెంతుతూనే ఉన్నారు. నియమాలు రెండే. మనవాళ్లు స్కోరు చేసినప్పుడల్లా, బోర్డు మీద ఎన్ని పాయింట్లుంటే టోబీ అన్ని దండీలు తియ్యాలి. గాడిద తలకాయ తొడుక్కున్నాక మాత్రం నోరు విప్పకూడదు.

వెర్నన్ క్లోస్టర్ చదువుకునే రోజుల్లో ఒకే ఒక్క ఏడాది ఆ వేషం కట్టాడు. ఆ ఏడాది జట్టు గెలిచిందీ లేదు, అతను ఒళ్లు వంచిందీ లేదు. అయినా నలభై ఏళ్లుగా దాన్నే నెమరేస్తూ బతుకుతున్నాడు. బీమా పాలసీ అమ్మబోయినా టోబీ కథే, మామగారి అంత్యక్రియల్లోనూ టోబీ కథే. పొద్దున్నే కాఫీ హోటల్లో కూర్చుని, ఇప్పటి పిల్లలకు రోషం లేదనీ, నాలుగు దండీలకే చతికిలబడుతున్నారనీ తిట్టిపోసేవాడు. మాటలు కోటలు దాటేవి.

పూర్వ విద్యార్థుల పండగ చూసుకునే జోలీన్‌కు వినీ వినీ విసుగొచ్చింది. ఓ రోజు అందరి ముందే అంది.

"అయితే ఈ శనివారం నువ్వే కట్టు, వెర్న్. పిల్లలు చూసి నేర్చుకుంటారు."

కాదంటే పరువు పోతుంది. మనవాళ్లు ఎటూ ఓడేవాళ్లేలే అని భార్య ఆర్డిస్‌తో గుట్టుగా చెప్పి ఒప్పుకున్నాడు. జట్టు మీద అతనికున్న భక్తి అంతటిది.

ఖర్మకొద్దీ ఆ రోజు జట్టుకు పూనకం వచ్చింది, స్కోరు చేసినప్పుడల్లా ఏడేసి పాయింట్లు. వెర్నన్ ఏడు దండీలు తీశాడు. పద్నాలుగుకు రొప్పాడు. ఇరవై ఒకటికి మోకాళ్లు ఆన్చి దొంగాట ఆడాడు. అంతలో మనవాడొకడు బంతి పట్టుకుని ఖాళీ మైదానంలో పరుగందుకున్నాడు. జనం లేచి నిలబడ్డారు. దండీలు లెక్కపెట్టే అమ్మాయి మైకు పట్టుకుని టోబీ పక్కనే ఉంది.

"పడెయ్ రా! బంతి పడెయ్, నీకు దణ్ణం పెడతా!"

గాడిద గొంతు స్టేడియమంతా మోగింది. కుర్రాడు బంతి పడెయ్యలేదు, స్కోరు చేశాడు. చప్పట్లకు బదులు జనమంతా కలిసి తాపీగా ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టారు. వెర్నన్ బోర్లా పడుకుని కదల్లేదు. అసలు టోబీ ఆగిన చోట బడి కట్టారు. ఇతను ఆగిన చోటికి స్ట్రెచరు తెచ్చారు.

ఇప్పుడు కాఫీకి పక్క ఊరు వెళ్తున్నాడు. అక్కడ మొదటిరోజే టోబీ కథ ఎత్తుకున్నాడట. ఆర్డిస్ మాత్రం కారు దిగదు.