పదహారు చాలదన్న మొనగాడు

మొన్న ఆదివారం నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా, చాయ్ చల్లారకముందే వినుండ్రి. వేరేవాళ్ల నోట వింటే ఎక్కువ నవ్వుతరు, నేనే చెప్పుకుంటే జర తక్కువ నవ్వుతరని ఆశ.

వరంగల్ కొత్తవాడల మా ఇంటి ముందటి అర్రనే నా రేడియో రిపేర్ దుకాణం. నేను ఏ కాలేజీ మెట్లెక్కలే. పాత రేడియోలు ఇప్పి, మళ్ల బిగించి, మిగిలిపోయిన స్క్రూలు డబ్బల ఏసుకుంట నేర్చుకున్నోణ్ని. అసొంటి నా చేతిల మా బావమరిది దుబాయ్ నుంచి ఓ కంప్యూటర్ తెచ్చి పెట్టిండు. బీరువంత ఉంటదనుకునేరు! పిల్లల పలకంతే. టీవీకి వైరు పెట్టి, టేప్ రికార్డర్ల క్యాసెట్ ఏస్తే, ఆరు నిమిషాలు కీచుకీచుమని అరిచి గేమ్ ఎక్కుతది. రాకెట్‌ను చంద్రుని మీద దింపే గేమ్.

సంగతి హన్మకొండల ఒక బడి హెడ్మాస్టర్ చెవిల పడ్డది. "సదానందం, ఆదివారం వచ్చి చూస్తా. నచ్చితే మా పిల్లలకు వారానికి రెండు రోజులు నువ్వే నేర్పాలె" అన్నడు.

అంటే సార్‌ను అయిత! ఇన్నేండ్ల నుంచి "ఓ రేడియో!" అని పిలిచే వాడకట్టు ఇగ "సార్" అనాలె!

ఆ గేమ్‌కు మెమరీ కావాలె, దాన్ని 'కే'లల్ల కొలుస్తరు. కంప్యూటర్ల పుట్టుకతోని ఉన్నది ఒక్క కే. క్యాసెట్ మీద పదహారు కే అని రాసుంది. ఆ పదహారు కే డబ్బ గూడ బావమరిదే తెచ్చిండు. సబ్బుపెట్టెంత ఉంటది, కంప్యూటర్ ఎనక తగిలిస్తే ఏలాడుతది.

గురువారం పొద్దున తగిలిచ్చిన. రాకెట్ దిగుతాంది, దిగుతాంది... టీవీ తెల్లగైంది! అంత మాఫ్. మళ్ల ఆరు నిమిషాలు కీచుకీచు. మళ్ల తెల్లగ. మూడుసార్లు ఇదే కథ.

మా ఇంటామె స్వరూప బియ్యం ఏరుకుంట చూసింది. "ఏందయ్యా, ఆ ఎనక డబ్బ ఊగుతాంది. జర గట్టిగ పెట్టరాదు?"

"నీకు మిషన్ సంగతి తెల్వది, ఊకో. పదహారు చాల్తలేదు. గేమ్ పెద్దది, మెమరీ చిన్నది. నిండంగనే పొంగిపోతాంది, పాలగిన్నె లెక్క."

"పాలు పొంగితే పొయ్యిల పడ్తయి. మరి నీ రాకెట్ దేంట్ల పడ్తాంది?"

పెద్ద డబ్బ తెద్దామని శుక్రవారం రైలెక్కి సికింద్రాబాద్ పోయిన. అక్కడ ఓ దోస్తును బతిమిలాడి అరవైనాలుగు కే డబ్బ పట్టుకొచ్చిన. ఇటుకంత ఉన్నది! ఆ బరువు చూసే నాకు సగం నమ్మకమొచ్చింది.

శనివారం తగిలిచ్చిన. రాకెట్ దిగింది. ఒక్కసారి గాదు, ఏడుసార్లు దిగింది! గోడ అవుతల జంపఖానాలు నేసే అయిలయ్య మామ నెక్కొండకు చుట్టాలింటికి పోయిండు గని, ఉంటే ఆయనకు సుత చూపిద్దును. మిగిలిన వాడకట్టుకంత తిరిగి చెప్పిన. "గేమ్ ఆడాలంటే అరవైనాలుగు. అంతకు తక్కువ కొనుడు దండగ!" ఆ ఊపుల పెయింటర్‌ను పిలిచి, బోర్డు మీద 'రేడియో రిపేర్' కింద ఎర్ర అక్షరాలతోని 'కంప్యూటర్ సార్' అని రాయించిన.

ఆదివారం హెడ్మాస్టర్ రానే వచ్చిండు. బోర్డు చదివిండు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"అరవైనాలుగు కే, సార్! వరంగల్ మొత్తంల ఎవని దగ్గర లేదు" అన్న. ఆరు నిమిషాల కీచుకీచు అయింది. రాకెట్ కనబడ్డది. గోడ అవుతల 'ధబ్' మని మగ్గం దెబ్బ. టీవీ తెల్లగైంది!

"ఏమైంది?"

"కరెంటు, సార్."

"నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతాంది గదా?"

మళ్ల ఎక్కిచ్చిన. ధబ్! తెల్లగ. పదహారుతోని సగం దూరమన్న దిగిన రాకెట్, అరవైనాలుగుతోని కదలనే లేదు. చెమటలు తుడుచుకుంట, "మెమరీ ఇంకా చాల్తలేనట్టుంది సార్, నూటిరవై ఎనిమిది తెప్పిస్తే..." అంటున్న.

స్వరూప నన్ను పట్టించుకోలే. కిటికీల నుంచి కేకేసింది. "మామా! జర మగ్గం ఆపి రారాదు? ఈయన రాకెట్ దిగుతలేదు!"

అయిలయ్య మామ చేతులకంటిన నూలు దులుపుకుంట వచ్చిండు. డబ్బను ఒక్క వేలుతోని ముట్టుకున్నడు. ఊగింది. టీవీ మినుక్కుమన్నది.

"గింతేనారా? నేను దెబ్బ కొడితే గోడ అదురుతది, గోడకానిన బల్ల అదురుతది, బరువుది ఏలాడవెడితే ఊడకేమైతది? చిన్నది లేదా?"

పదహారు డబ్బ ఇచ్చిన. నూలుదారంతోని కంప్యూటర్‌కు బిగుతుగ కట్టిండు. తన ఇంట్లకెల్లి జంపఖానా తెచ్చి, నాలుగు మడతలు పెట్టి కంప్యూటర్ కింద పరిచిండు. "ఇగ నడుపు. నేను పోయి కొడ్తాన" అని మగ్గంల కూసున్నడు.

అటు ధబ్, ఇటు రాకెట్. ధబ్, ధబ్, ధబ్! చంద్రుని మీద మెత్తగ దిగింది. పదహారుతోనే!

హెడ్మాస్టర్ చప్పట్లు కొట్టిండు. "సదానందం, నేనొక నిర్ణయానికొచ్చిన" అన్నడు. నేను చేతులు కట్టుకొని నిలవడ్డ.

"మా పిల్లలు బండల మీద కూసుంటున్నరు. ఈ జంపఖానాలు పది కావాలె. అయిలయ్యకు చెప్పు."

"మరి... కంప్యూటర్ సార్?"

"సూద్దాం. ముందు మెమరీ ఎంత కావాల్నో నువ్వు ఖాయం చేసుకో."

బోర్డు మీది ఎర్రరంగు కిరోసిన్ పెట్టి రుద్దినా పోతలేదు. వాడకట్టు మాత్రం "ఓ రేడియో" అనుడు బంద్ పెట్టింది. నిన్న పొద్దున అయిలయ్య మామే దుకాణం ముందర నిలవడి, అందరు వినంగ అడిగిండు:

"అరవైనాలుగు సారూ, నా ట్రాన్సిస్టర్ అయిందా?"

ఏమన్న అనుండ్రి, సార్‌నైతే అయిన!