దుంకే ముల్లు

నా చిన్నప్పుడు సూరత్‌లో మనుషులు గడియారాలను చూసుకుని కాదు, గడియారాలే మనుషులను చూసుకుని నడిచేవి. నమ్మకపోతే మానేయండి. సరే, అన్ని గడియారాలూ కాదు, మా ఇంట్లో ఒక్కటి. అది కూడా కొన్నాళ్ళే. కానీ ఆ కొన్నాళ్ళూ మా తాతయ్య ప్రాణం దాని సన్నటి ముల్లు మీదే నిలబడినట్టు మేమంతా దాన్నే చూస్తూ బతికాం. ఈ ముక్క మాత్రం పెంచి చెబుతున్నది కాదు.

లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరిగిన ఆ రెండేళ్ళలో అది రెండో ఎండాకాలం. మేము డిండోలిలో ఉండేవాళ్ళం. మా వాళ్ళంతా తెలంగాణ నుంచి వచ్చి సాంచెలు నడిపేవాళ్ళు. సాంచె అంటే కరెంటు మగ్గం. పక్క వీధి షెడ్డులో పగలూ రాత్రీ ఆగకుండా మోగే సాంచెల చప్పుడులోనే నేను పుట్టి పెరిగాను. ఆ వేసవిలో అది ఆగిపోయింది. చప్పుడు లేని ఇంట్లో మాకెవరికీ సరిగ్గా నిద్ర పట్టేది కాదు. ఎక్కడో అంబులెన్సు కూత వినిపిస్తే మా అమ్మ చేస్తున్న పని ఆపేసి, అది ఏ వీధిలోకి తిరుగుతుందోనని చెవి పెట్టి వినేది. మా నాయన కడోదరాలో పనిచేసే షెడ్డులోనే ఉండిపోయాడు. బయటికి పోతే మళ్ళీ లోపలికి రానిచ్చేది లేదన్నారట అక్కడ.

ఇంట్లో మిగిలిన మగదిక్కు మా చిన్నాయన. చెడిపోయిన సాంచెలు బాగుచేసే మాస్టరు ఆయన. సరదా మాత్రం గడియారాల మీద. పెద్ద పెద్ద సేఠ్‌ల చేతులకుండే ఖరీదైన గడియారం ఎలా ఉంటుందో అచ్చం అలాంటిదే సొంతంగా కూర్చేవాడు. పై పెట్టె నకిలీ. లోపలి మిషను, డయలు, ముళ్ళు మాత్రం పాత సామాను బజారులో, ఏనాడో చచ్చిపోయిన అసలు గడియారాల్లోంచి ఒక్కొక్కటే ఏరి తెచ్చేవాడు. ఒక డయలు కోసం నెలల తరబడి తిరిగేవాడు. "పైన బొమ్మే, లోపల మాత్రం అస్లీ మాల్" అనేవాడు. చేసినవి అమ్మేవాడు కాదు. ఎవరైనా పొగిడితే వెనక మూత తీసి, ఏది నకిలీయో ఏది అసలో తానే చూపించేవాడు. ఒకసారి షెడ్డు సేఠ్ అలాంటి గడియారం ఒకటి చూసి మూర్ఛపోయాడు. అంటే, మూర్ఛపోలేదు, తుమ్మాడు. కానీ తుమ్మిన తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు.

బ్యాటరీతో నడిచేదాన్ని ఆయన గడియారమనే అనేవాడు కాదు. తేడా కనిపెట్టడం నాకూ నేర్పాడు. సెకండ్ల ముల్లును చూడాలి. అసలు మిషనుదైతే నూనె మీద జారినట్టు జారిపోతుంది. బ్యాటరీదైతే సెకనుకోసారి ఆగి ఆగి దుంకుతుంది.

ఆ వేసవిలో మా తాతయ్యకు జ్వరం వచ్చింది. తర్వాత ఆయాసం. ఆసుపత్రుల్లో మంచం దొరకలేదు. వీధి వైపు గదిలో తాతయ్యను ఒంటరిగా పడుకోబెట్టారు. మా చెల్లెలు పాలు తాగే పిల్ల, అందుకని అమ్మా నేనూ ఆ గదిలో అడుగు పెట్టకూడదు. చిన్నాయన ఒక్కడే మూతికి గుడ్డ కట్టుకుని వెళ్ళి వస్తూ ఉండేవాడు. మేము వరండా కిటికీ ఊచల్లోంచి చూసేవాళ్ళం. డాక్టరు ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు: ఆయన్ని వెల్లకిలా పడి ఉండనివ్వకండి, బోర్లా పడుకోబెట్టండి, పక్కకు తిప్పుతూ ఉండండి, కదిలించండి.

తాతయ్య కదలలేదు. పై అంతస్తులో ఆయన స్నేహితుడు ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే రైలెక్కి ఈ ఊరు వచ్చారు. అంతకు ముందు వారమే ఆ ముసలాయన్ని అంబులెన్సులో ఎత్తుకుపోయారు. మనిషీ తిరిగి రాలేదు, శవమూ తిరిగి రాలేదు. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచీ తాతయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బతిమాలినా అంతే, కసిరినా అంతే.

అప్పుడు మా చిన్నాయన తను చేసిన వాటన్నింటిలోకీ మంచి గడియారం తెచ్చి తాతయ్య చేతికి కట్టాడు. దాని లోపల అర్ధచంద్రంలాంటి బరువు బిళ్ళ ఒకటి ఉంటుంది. పెట్టుకున్నవాడి చెయ్యి కదిలితే అది తిరుగుతుంది, అది తిరిగితే మిషనుకు బలం ఎక్కుతుంది.

"నాయినా, దీనికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు. నీ చెయ్యి కదిలితెనే నడుస్తది. పండుకునే ఉంటివా, ఆగుతది. జర చూస్కో."

"నాకెందుకురా గీ పెత్తనం" అన్నాడు తాతయ్య గోడకేసి చూస్తూనే.

"నా పానం పెట్టి చేసిన. ఆపితె మళ్ళ నడువది."

మళ్ళీ నడవదన్నది పచ్చి అబద్ధం. కానీ మా చిన్నాయనకు వాళ్ళ నాయన సంగతి తెలుసు. సాంచె నడిపేవాడికి పోగు తెగి మగ్గం ఆగిందంటే మనసు ఒప్పదు. అన్నం ముద్ద నోట్లో ఉన్నా లేచి పరుగెడతాడు. జీవితమంతా అలా పరుగెత్తినవాడు మా తాతయ్య. కాసేపటికి ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. చెయ్యి పైకెత్తి గడియారం చూసుకున్నాడు. మణికట్టు అటూ ఇటూ ఆడించాడు. సాయంత్రానికి మంచం మీద లేచి కూర్చున్నాడు. కిటికీ దగ్గర మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పటి నుంచి ఇంట్లో అదొక పద్ధతి అయిపోయింది. అమ్మ పొద్దున్నే కిటికీలోంచి ఆయన మణికట్టు చూసేది. ముల్లు నడుస్తుంటే ఊపిరి పీల్చుకుని వంటింట్లోకి వెళ్ళేది.

అయితే ఆ యుక్తి ఎదురు తిరిగింది. ఒక తెల్లవారుజామున గడియారం నిజంగానే ఆగిపోయింది. నీరసంగా ఆడించిన చేతితో దానికి చాలినంత బలం ఎక్కలేదు. చిన్నాయన కీ తిప్పి నడిపించాడు గానీ, తాతయ్య ముఖం చూడాల్సింది. షిఫ్టులో కునుకు తీసి సేఠ్‌కు దొరికిపోయినవాడిలా అయిపోయాడు. ఆ రోజు నుంచి నిద్ర మానేశాడు. కళ్ళు మూతలు పడుతున్నా చెయ్యి ఆడిస్తూనే ఉండేవాడు. ఆయాసం పెరిగింది. పెదవులు నల్లబడ్డాయి. మాట మధ్యలో ఆగి ఊపిరి కోసం వెతుక్కునేవాడు.

"నాయినా, పండుకోయే. నిండా కీ ఇచ్చిన, తెల్లారేదాక ఆగది" అని చిన్నాయన మొత్తుకున్నాడు.

"మొన్న చెయ్యి కదల్చకుంటె ఆగుతదంటివి. ఇయ్యాల ఆగదంటున్నవు. ఏది నిజం?"

చిన్నాయన గడియారం పట్టీ మీద చెయ్యి వేశాడు. విప్పేస్తానంటే తాతయ్య ఆ చెయ్యి గుండెకు అదుముకున్నాడు. ఆ గడియారం మా తాతయ్యను తినేస్తున్నదని నాకు కూడా అర్థమైంది.

మర్నాడు చెమట తుడిచి ఇస్తానని చెప్పి చిన్నాయన దాన్ని ఎలాగో బయటికి తెచ్చాడు. వంటింటి గడపలో కూర్చుని మూత విప్పాడు. నేను పక్కన కూర్చున్నాను. అసలు మిషను తీసి పక్కన పెట్టి, ఫుట్‌పాత్ మీద కొన్న పనికిమాలిన గడియారంలోంచి బ్యాటరీ మిషను తీశాడు. అది డయలుకు కుదరలేదు. డయలు వెనక దాన్ని మిషనుకు బిగించే సన్నటి కాళ్ళు రెండు ఉంటాయి. నెలల తరబడి తిరిగి తెచ్చుకున్న అసలు డయలు అది. ఆ కాళ్ళు కత్తిరిస్తే మరి ఏ అసలు మిషను మీదా సరిగ్గా కూర్చోదు. చిన్నాయన దాన్ని చొక్కా అంచుతో ఒకసారి తుడిచాడు. తర్వాత కత్తిరించాడు. జిగురు పెట్టి అతికించాడు. ముళ్ళు కూడా చౌకవే పెట్టాడు.

"నోరు తెరిస్తివో చూడు. మీ అమ్మకు కూడా చెప్పకు, ఆమె ముఖం చూస్తెనే ఆయనకు తెలుస్తది" అన్నాడు నాతో.

గడియారం మళ్ళీ తాతయ్య చేతికి చేరింది. మిషను సాఫు చేశాననీ, ఇక కదిలించకపోయినా నడుస్తుందనీ, కావాలంటే పరీక్ష చేసుకోమనీ చెప్పాడు. తాతయ్య చెయ్యి మంచం మీద చాచి చాలాసేపు ముల్లునే చూశాడు. పొద్దు గూకే వేళకు కళ్ళు మూసుకున్నాడు.

తెల్లవారింది. చిన్నాయన చీకటి ఉండగానే ఆక్సిజన్ సిలిండరు కోసం పాండేసర వైపు సైకిలు మీద వెళ్ళిపోయాడు. అమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. తాతయ్య బోర్లా పడి ఉన్నాడు, ముఖం అటు వైపు. గడియారం ఉన్న చెయ్యి మంచం కిందికి వేలాడుతోంది.

"మామా... ఓ మామా" అని పిలిచింది అమ్మ. పలకలేదు. ఊచలకు ముఖం ఆనించి మణికట్టు వైపు చూసింది. "ముల్లు నడుస్తనే ఉన్నది. మంచిగ నిద్ర పట్టినట్టుంది, పాపం. లేపకు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను అక్కడే నిలబడిపోయాను. ముల్లు దుంకుతోంది. ఆగి ఆగి దుంకుతోంది. ఆ చెయ్యి కదిలినా అది దుంకుతుంది, కదలకపోయినా దుంకుతుంది. శవం చేతికి కట్టినా దుంకుతూనే ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో నా ఒక్కడికే తెలుసు. వేలాడుతున్న వేళ్ళ మీద ఒక ఈగ వాలింది. వేళ్ళు కదలలేదు.

కథ ఇక్కడిదాకా వచ్చినప్పుడల్లా నేను నా మనవలకు ఏం చెబుతానంటే, తలుపు గొళ్ళెం ఒక్క తన్నుతో ఊడగొట్టి, లోపలికి దూకి, తాతయ్యను రెండు చేతులా లేవనెత్తానని. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి వింటారు. మీ దగ్గర ఎందుకులెండి. ఆ తలుపుకు గొళ్ళెమే లేదు, దగ్గరికి వేసి ఉందంతే. తోస్తే వచ్చేది. నేను తోయలేదు. తోస్తే లోపల ఏం కనబడుతుందోనని భయం. అమ్మనూ పిలవలేదు. వరండా మూల డబ్బాలో నేను ఆడుకునే ఖాళీ బాబిన్లు ఉన్నాయి, నూలు చుట్టేవి. ఒకటి తీసి ఊచల్లోంచి విసిరాను. గోడకు తగిలింది. ఇంకొకటి విసిరాను. నీళ్ళ చెంబు దొర్లి ఆ చప్పుడు ఇల్లంతా మోగింది. తాతయ్య కదలలేదు. ఏడుస్తూ మూడోది శక్తికొద్దీ విసిరాను. అది ఆయన చెవి మీద ఠంగుమని తగిలింది.

"ఎవడ్రా వాడు... నీ చెయ్యిరగ... పండుకున్నోన్ని కొడుతవా..." మధ్యలో దగ్గు. దగ్గు తర్వాత మళ్ళీ తిట్టు. "దొంగ నా కొడుకా, లేస్తె తోలు తీస్త..."

అంత కమ్మటి తిట్లు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. అమ్మ పరుగెత్తుకొచ్చి నా వీపు విమానం మోత మోగించింది. అది కూడా బాగానే ఉంది.

ఆ రాత్రి నిద్రతో ఆయాసం ఒక మెట్టు దిగింది. తర్వాత మెల్లగా కోలుకున్నాడు. మా వీధిలో అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. లేచి కూర్చోగలిగాక ఒక మధ్యాహ్నం నన్ను కిటికీ దగ్గరికి పిలిచి చెయ్యి చూపించాడు.

"గీ ముల్లు ఏం చేస్తున్నదిరా?"

నేను నేల చూపులు చూశాను.

"దుంకుతున్నది. పెట్టిన నాడే చూసిన. సాంచె మీద షటిలు ఎట్ల పోతదో ఎట్ల వస్తదో చూసి చూసి ముదిరిన కండ్లు ఇవి. నాకు తెల్వదా?"

"మరి ఎందుకు అడగలే, తాతా?"

"మీ చిన్నాయిన అస్లీ మాల్ తప్ప ముట్టనోడు. గసొంటోడు నా కోసం నకిలీది పెట్టిండంటె, నేను పండుకోవాల్నని. అందుకే పండుకున్న. నువ్వు వానికి చెప్పకు, సిగ్గుపడుతడు."

ఆ తర్వాత చాలా ఏళ్ళు తాతయ్య ఆ గడియారమే పెట్టుకున్నాడు. బ్యాటరీ అయిపోయే సమయానికి చిన్నాయన చెమట తుడుస్తానని తీసుకునేవాడు. తాతయ్య అమాయకంగా విప్పి ఇచ్చేవాడు. ఇద్దరి మధ్యా కూర్చుని నేను నవ్వు ఆపుకునేవాణ్ణి. ఒక్కోసారి నవ్వు కాదు వచ్చేది, ఆ పొద్దుటి ఈగ గుర్తొచ్చేది.

ఇప్పుడు తాతయ్య వయసు నాకు వచ్చింది. దూరాన ఉన్న నా వాళ్ళు ఎవరైనా ఫోన్‌లో బాగానే ఉన్నానంటే ఆ మాటతో నేను ఫోన్ పెట్టెయ్యను, మనిషి ఎలా ఉన్నా దుంకే ముల్లు లాంటిది ఆ మాట. ఎగతాళి చేస్తాను, పాత తగాదాలు తవ్వుతాను, లేనిపోని అబద్ధాలు చెప్పి రెచ్చగొడతాను. ముసలాయనకు చాదస్తం అనుకుంటారు, అనుకోనీండి. అవతలి మనిషి విసుగెత్తి నోరారా తిట్టినప్పుడే నాకు నిమ్మళం. ఫోన్ పెట్టేసి హాయిగా పడుకుంటాను.