బెల్లం చేతుల షుగరు

చిలకలూరిపేటలో నేను పనిచేసే ల్యాబు అద్దాల తలుపు మీద ‘ఒక ల్యాబ్ టెక్నీషియన్ కావలెను’ అన్న కాగితం ఎండకి వెలిసిపోయింది. వచ్చేవాళ్ళు లేరు. నాతో కోర్సు చేసినవాళ్ళు హైదరాబాదు, గల్ఫు అంటూ తలో దిక్కు పోయారు. నాకూ ఫోన్లు వచ్చేవి. మా ఊరు వదలనన్నాను, మొండిదాన్ని. దాంతో పనంతా నా ఒక్కదాని నెత్తిన పడింది.

పత్తి సీజన్లో మా ఓనరు గారు ఒక జిన్నింగ్ మిల్లు కూలీలందరికీ పరీక్షలు ఒప్పుకున్నారు. నేను ల్యాబు వదిలి కదలలేను కాబట్టి, బిల్లులు రాసే ఆయన్ని పంపారు. వేలికి గుచ్చి మీటర్లో చూడ్డమే కదా అన్నారు. సాయంత్రం రిపోర్టులు సంతకానికి నా ముందుకొచ్చాయి. ఒకామె షుగరు మరీ ఎక్కువగా ఉంది. సంతకం పెట్టకుండా, మళ్ళీ చూడాలని మిల్లు మేస్త్రితో ఆమెకి కబురు పంపాను.

పొద్దున్నే వచ్చింది, ఏడుపు మొహంతో.

“షుగరుంటే పన్లోకి రావద్దంటన్నాడు మేస్త్రి. నేను బానే ఉన్నానమ్మాయ్!”

అంటూనే కొంగు ముడి విప్పి బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. దూది నుసి గొంతుకి పట్టకుండా మిల్లులో అందరూ అదే నములుతారట.

“నిన్న గుచ్చేముందు చేతులు కడిగించారా?”

“ఎక్కడ! లైన్లో నుంచోబెట్టి టకటకా గుచ్చాడు.”

నరం నుంచి రక్తం తీసి చూశాను. షుగరు మామూలే. నిన్న మీటరు చూసింది ఆమె వేలికంటిన బెల్లాన్ని.

అందరికీ మళ్ళీ చెయ్యాలని ఓనరు గారికి చెప్పాను.

“మధ్యాహ్నానికి మిల్లుకి ఇవ్వాలి. సంతకమేగా అమ్మా, గీకెయ్.”

“గీకనండీ.”

“నువ్వు కాకపోతే ఇంకోళ్ళు!”

నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు దగ్గరికెళ్ళి ఆ కాగితం పీకి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను.

“ఇందులో ఒకరని ఉంది. ఇద్దరని దిద్దుకోండి.”

ఆయన కాగితం వైపు చూశారు, బయట కూర్చున్న జనం వైపు చూశారు. చివరికి ఫోను తీసి, రిపోర్టులు ఆలస్యమవుతాయని మిల్లుకి చెప్పారు.

మర్నాడు ల్యాబుకి తాళం వేయించి, సబ్బు పట్టుకుని నేనే మిల్లుకెళ్ళాను. మళ్ళీ పన్లో చేరి దూది మోస్తున్న ఆమె నన్ను చూసి, “ఒసేయ్, బెల్లం చేతులు కడుక్కోండే!” అని అందరి మీదా కేకలేసింది.

కాగితం మళ్ళీ తలుపెక్కింది. ఇప్పటికీ ఒకరనే ఉంది.