చల్లటి చోట కూర్చోబెట్టారు

మా అపార్ట్‌మెంట్‌లో వసంతలక్ష్మి గురించి ఒక మాట తిరుగుతోంది. తన ఇంటి పన్ను తగ్గించుకోవడానికి ఆఫీసర్లను పిలిపించి, మా అందరి బాల్కనీలకూ పన్ను వేయించిందని. ఆమె మెట్ల దగ్గర కనిపిస్తే మాటలు ఆగిపోతాయి.

ఆమె భర్త రాయచూరు పత్తి మార్కెట్‌లో గుమాస్తాగా చేసేవాడు. ఆయన పోయాక ఆమెకు మిగిలింది కింది అంతస్తులోని రెండు గదుల ఇల్లు. పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆ తట్టే చప్పుడుకే నాకు మెలకువ వస్తుంది.

పోయినేడు బిల్డింగు మొత్తానికీ దుకాణాల రేటున పన్ను వచ్చింది. రోడ్డువైపు ఒక కిరాణా కొట్టు ఉంది. దాన్ని చూసి మున్సిపాలిటీ వాళ్ళు ఇళ్ళన్నిటినీ అట్లాగే రాసేశారు. అందరూ తిట్టుకున్నారు, ఎవరూ కదల్లేదు. ఆ రేటున ఏటా కట్టాలంటే వసంతలక్ష్మికి ఇల్లు నిలిచేది కాదు. అందుకే ఇంటింటికీ వచ్చి సంతకాలు తీసుకుని, తనే అప్పీలు వేసి, ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి వచ్చి చూస్తామన్నారు.

ఆ రోజు పార్కింగులో తన ఇంటి కుర్చీలు వేసింది.

"ఈడనే కూసోబెడ్దాం. కొట్టొక్కటే దుకాణమని సూసి పోతరు. పైకి మాత్రం పిలవొద్దు" అని అందరికీ చెప్పింది.

మూడో అంతస్తు కేశవులుకు బట్టల దుకాణం ఉంది. ఆయనకు ఆ మాట నచ్చలేదు. "ఏందక్కా గిది? సార్లను బండ్ల నడుమ కూసోబెడ్తవా? మన ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ సంగతి తర్వాత, అన్నా. ముందు పన్ను సంగతి సూడు."

మే నెల ఎండ. ఆఫీసర్లు చెమటతో తడిసి వచ్చారు. కేశవులు వాళ్ళను నేరుగా పైకి తీసుకెళ్ళాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని చల్లటి చోట కూర్చోబెట్టకపోతే మా వాళ్ళకు నామోషీ. ఆయనింట్లో చల్లటి చోటు బాల్కనీయే. దానికి అద్దాలు బిగించి, కూలర్ పెట్టి, గది చేసుకున్నాడు. "కొత్తగ కట్టించిన సార్" అని తనే చెప్పాడు. ఆయన పిలిచాడని మిగతావాళ్ళూ పిలిచారు, మేమూ పిలిచాం. అందరివీ అట్లాంటి గదులే. మా బాల్కనీలో మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆఫీసర్ టేపు తీయించాడు.

మధ్యాహ్నం కేశవులు ఇంట్లోనే భోజనం. వడ్డించడానికి నన్ను పిలిచారు.

"రొట్టి బాళ చలో అదావ్రీ" అని రొట్టెలను కన్నడంలో మెచ్చుకున్నాడు పెద్ద ఆఫీసర్.

"కింద మా వసంతక్క చేస్తది సార్. బిల్డింగంత ఆమె కాడనే కొంటం. హోటళ్ళకు గూడ పోతయి" అన్నాడు కేశవులు గొప్పగా.

ఆఫీసర్ ఇంకో రొట్టె వేయించుకున్నాడు.

అప్పీలు గెలిచింది. దుకాణాల రేటు పోయి ఇళ్ళ రేటు వచ్చింది. కానీ బాల్కనీలను కూడా గదుల కింద కలిపేసరికి, అందరూ అనుకున్నంత తగ్గలేదు. కేశవులు ఆమె గుమ్మం ముందు నిలబడి అరిచాడు.

"నువ్వు అప్పీలు ఏయకుంటే వాళ్ళు వచ్చేటోళ్ళా? నీ పన్ను తగ్గించుకుంటివి, మా కొంపలు ముంచితివి!"

ఆమె పిండిలోంచి చెయ్యి తీయలేదు. "పైకి పిలిచింది ఎవరు, అన్నా?" అంది.

"ఇగ సాలు తియ్!"

ఆ మర్నాటి నుంచి ఆమె దగ్గర రొట్టెలు కొనడం మానేశారు. మా అమ్మా మానేసింది. కుర్చీలు మాత్రం చాలా రోజులు పార్కింగులోనే ఉన్నాయి.

ఇప్పుడు బిల్డింగులో దుకాణం రేటున పన్ను కడుతున్న ఇల్లు ఒక్కటే. రొట్టెలు అమ్ముతారని ఆఫీసర్లు రాసుకున్న వసంతలక్ష్మి ఇల్లు.